మగవారిలో ఈస్ట్ ఇన్ఫెక్షన్: దురద మొదలైన రోజు నుంచి పూర్తిగా తగ్గేదాకా ఏం చేయాలి

మే నెలలో విజయవాడ గవర్నర్‌పేటలోనో, గుంటూరు అరండల్‌పేటలోనో ఏదైనా మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట తప్పకుండా చెవిన పడుతుంది. "గజ్జల్లో దురదండీ, ఏదన్నా ట్యూబు ఇవ్వండి." గొంతు బాగా తగ్గించి అడుగుతారు. పక్కన ఆడవాళ్లుంటే వాళ్లు వెళ్లేదాకా ఆగి మరీ అడుగుతారు. షాపతను మారు మాట్లాడకుండా అరలోంచి ఒక ట్యూబు తీసి కాగితంలో చుట్టి ఇచ్చేస్తాడు. దురద గజ్జల్లోనా, అంగం మీదా? షుగరు ఉందా? వేరే మందులేమైనా వేసుకుంటున్నారా? ఈ మూడు ప్రశ్నలూ అక్కడ ఎవరూ అడగరు. వైద్యమంతా ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంది. అందుకే చాలామందికి ట్యూబు వాడినన్నాళ్లూ తగ్గినట్టే ఉండి, ఆపగానే మళ్లీ మొదలవుతుంది.

ఈస్ట్ అనేది ఒక రకం ఫంగస్, అంటే బూజు జాతి. మనుషులకు ఎక్కువగా ఇబ్బంది తెచ్చేది క్యాండిడా ఆల్బికన్స్. ఇది బయటి నుంచి వచ్చి పడిన శత్రువేమీ కాదు. చాలామంది నోట్లో, పేగుల్లో, చర్మం మడతల్లో ఎప్పుడూ కొద్దికొద్దిగా ఉంటూనే ఉంటుంది. తడి, వేడి, చక్కెర దొరికితే పెచ్చుమీరుతుంది. మగవాళ్లలో ఈ మూడూ ఒకేచోట దొరికేది అంగం ముందరి చర్మం కింద. అక్కడ వచ్చే వాపునే డాక్టర్లు బాలనైటిస్ అంటారు. సున్తీ అయినవాళ్లకు తక్కువగా వస్తుంది, అసలు రాదని కాదు.

మన దగ్గర దీన్ని "వేడి చేసింది" అనేసి బార్లీ నీళ్లు, సబ్జా, పల్చటి మజ్జిగ తాగుతూ కూర్చుంటారు. ఎండాకాలం అవి తాగడం మంచిదే, ఒంటికి నీరు అందుతుంది. కానీ చర్మం మీద పెరిగే ఫంగస్ వాటికి చావదు. ఇంకొందరు ఇది తప్పకుండా సుఖవ్యాధే అనుకుని నెలల తరబడి లోలోపలే కుమిలిపోతారు, ఇంట్లో ముఖం తప్పిస్తారు. ఈస్ట్ ఇన్ఫెక్షన్‌ను సుఖవ్యాధిగా లెక్కించరు. ఏ సంబంధమూ లేనివాళ్లకూ వస్తుంది. అరవై ఏళ్ల తాతగారికీ వస్తుంది.

మొదటి పని: వెలుతురులో చూసుకోండి

స్నానానికి ముందు, మంచి వెలుతురులో, చేతులు కడుక్కుని చూసుకోండి. ముందరి చర్మాన్ని నొప్పి పుట్టనంత వరకే మెల్లగా వెనక్కి లాగండి. బిగుసుకుని రాకపోతే బలవంతం చేయవద్దు.

ఈస్ట్ అయితే సాధారణంగా ఇలా ఉంటుంది. అంగం కొన ఎర్రగా, కొంచెం మెరుస్తూ ఉంటుంది. దాని మీద ఆవగింజ కన్నా చిన్నవి ఎర్రటి పొక్కులు అక్కడక్కడా కనిపిస్తాయి. చర్మం మడత లోపల పెరుగు విరిగినట్టు తెల్లటి పొర పేరుకుంటుంది, తుడిస్తే వస్తుంది, కింద ఎర్రగా ఉంటుంది. దురద, మంట ఉంటాయి. మూత్రం ఆ చర్మానికి తగిలినప్పుడు చురుక్కుమంటుంది. మంట నాళం లోపలా, బయట చర్మానికా అన్నది గమనించండి. బయట చర్మానికైతే ఈస్ట్‌కు సరిపోతుంది. లోపలి నుంచి మంట వస్తూ, చీము కూడా కారుతుంటే అది వేరే జబ్బు.

ఒక గుర్తును ప్రత్యేకంగా చెప్పాలి. ముందరి చర్మం అంచు చుట్టూ సన్నని పగుళ్లు, బ్లేడుతో గీసినట్టు, చర్మం వెనక్కి లాగితే చిట్లి రక్తపు చుక్క కనిపించేలా ఉంటే, అది షుగరు ఉన్నవాళ్లలో తరచుగా కనిపించే తీరు. షుగరు ఉన్నట్టు అంతవరకూ తెలియని మనిషికి ఈ పగుళ్లే మొదటి సూచన కావచ్చు.

గజ్జల్లో వచ్చేదానికీ ఒక లెక్క ఉంది. తొడ లోపలి వైపు గుండ్రంగా, అంచు ఉబ్బెత్తుగా, మధ్యలో చర్మం కాస్త మామూలుగా ఉండి, అంచు రోజురోజుకీ బయటికి పాకుతుంటే అది తామర. అదీ ఫంగసే కానీ జాతి వేరు, వైద్యం ఎక్కువ కాలం పడుతుంది. తామర సాధారణంగా వృషణాల సంచిని వదిలేస్తుంది. ఈస్ట్ వదలదు. మడత లోతులో పచ్చిగా, తడిగా ఎర్రబడి, ఆ ఎరుపు చుట్టూ విడివిడిగా చిన్న చిన్న పొక్కులు చల్లినట్టు ఉంటే ఈస్ట్ అని అనుమానించాలి.

ఈస్ట్ లాగే కనిపించేవి

ఇక్కడ తొందర పడకూడదు. ఎర్రగా ఉన్నదల్లా ఫంగస్ కాదు.

నీటి బుడగల్లాంటి చిన్న పొక్కులు గుత్తిగా వచ్చి, చిట్లి, బాగా నొప్పి పెడితే హెర్పిస్ అనే సుఖవ్యాధి కావచ్చు. నొప్పి లేని ఒంటరి పుండు, అడుగు గట్టిగా ఉన్నది, సిఫిలిస్ అనే సుఖవ్యాధి కావచ్చు. నొప్పి లేదు కదా అని దాన్ని వదిలేయడమే పెద్ద ప్రమాదం, అది తనంతట తాను మానిపోయినట్టు కనిపించి జబ్బు ఒంట్లో ముందుకు పోతుంది. రాత్రిళ్లు దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో, బొడ్డు చుట్టూ, అంగం మీద పొక్కులు వచ్చి, ఇంట్లో మరొకరు కూడా గోక్కుంటుంటే అది గజ్జి. చర్మం తెల్లగా పాలిపోయి గట్టిపడి, ముందరి చర్మం నెలనెలా బిగుసుకుపోతుంటే లైకెన్ స్క్లెరోసస్ అనే జబ్బు కావచ్చు. దానికి ఫంగస్ ట్యూబు పనిచేయదు.

మందు పడక వచ్చే మచ్చ మన దగ్గర చాలామంది పోల్చుకోలేనిది. నొప్పి మాత్రో, విరేచనాలకు వేసుకునే యాంటీబయాటిక్ మాత్రో పడకపోతే, వేసుకున్న కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో అంగం కొన మీద గుండ్రటి ఎర్ర మచ్చ లేచి, మండి, పైపొర ఊడి, తర్వాత నల్లటి మరకగా మిగులుతుంది. మళ్లీ అదే మాత్ర వేసుకుంటే సరిగ్గా అదే చోట మళ్లీ వస్తుంది. మీకు అలా ఒకే చోట పదేపదే వస్తుంటే, వచ్చే ముందు రెండు రోజుల్లో ఏ మాత్ర వేసుకున్నారో కాగితం మీద రాసుకోండి. డాక్టరుకు దానికన్నా విలువైన సమాచారం ఉండదు.

అంగం కొన అంచు చుట్టూ వరుసగా, ఒకే సైజులో, చర్మం రంగులోనే ఉండే చిన్న బుడిపెలు మాత్రం జబ్బే కాదు. దురద, మంట లేకుండా ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. వాటికి మందు రాయకండి.

మూడు నాలుగు వారాలైనా మానని పుండు, పెరిగే గడ్డ, దుర్వాసనతో రక్తం కారే మచ్చ ఉంటే మాత్రం ఇంట్లో ప్రయోగాలు వద్దు. చర్మం వెనక్కి రాక లోపల ఏముందో కనిపించని పెద్దవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. అంగానికి క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవుతుంది. తొందరగా చూపిస్తే నయమవుతుంది.

రెండో పని: షుగరు పరీక్ష, ట్యూబు కన్నా ముందు

మొదటిసారి వచ్చినా సరే, షుగరు పరీక్ష చేయించండి. పరగడుపున 126 లేదా అంతకన్నా ఎక్కువ, లేదా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా ఎక్కువ ఉంటే షుగరు ఉన్నట్టే లెక్క. లక్షణాలు లేనివాళ్లకు నిర్ధారణ కోసం డాక్టరు రెండోసారి చేయిస్తారు. 100 నుంచి 125 మధ్య, లేదా 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగరు గుమ్మం దాకా వచ్చిందని అర్థం. మూత్రంలో చక్కెర చూసే పట్టీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నామంటే, రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే అది మూత్రంలోకి దిగుతుంది. మూత్రం పోశాక చివరి ఒకటి రెండు చుక్కలు ముందరి చర్మం కింద నిలుస్తాయి. అంటే ఫంగస్‌కు రోజుకు ఏడెనిమిది సార్లు పానకం పోస్తున్నట్టే. ఆ పానకం ఆగనంత కాలం ఏ ట్యూబు రాసినా తాత్కాలికమే.

షుగరు ఇప్పటికే ఉండి మందులు వాడుతున్నవాళ్లు తమ మాత్రల పట్టీ తిప్పి, వెనక చిన్న అక్షరాలు చదవండి. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉందా? డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్, రెమోగ్లిఫ్లోజిన్, అన్నీ ఒకే కుటుంబం. ఇవి చక్కెరను మూత్రంలోకి తోసేసి రక్తంలో తగ్గిస్తాయి. పనిచేసే పద్ధతే అది, కాబట్టి రక్తంలో షుగరు అదుపులో ఉన్నా మూత్రంలో చక్కెర ఉంటుంది. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025లో ముగిశాక మన దేశంలో వీటి ధరలు బాగా తగ్గాయి, వాడేవాళ్లు పెరిగారు. మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా కూడా వస్తాయి, అందువల్ల పైన పేరు చూసి తెలియదు.

ఈ మాత్రను మీ అంతట మీరు మానేయకండి. గుండెకు, కిడ్నీలకు ఇవి చేసే మేలు ఎక్కువ, కొందరికి షుగరు కోసం కాక గుండె బలహీనతకే ఇస్తారు. ఇన్ఫెక్షన్ వచ్చిందని రాసిచ్చిన డాక్టరుకు చెప్పండి. చాలామందికి శుభ్రతతో, ఒక విడత ఫంగస్ మందుతో సర్దుకుంటుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్ర మార్చాలా వద్దా అన్నది ఆయన తేలుస్తారు. ఈ మాత్ర మొదలుపెట్టేటప్పుడే "మూత్రం పోశాక నీళ్లతో కడుక్కోండి" అని ఒక్క మాట చెబితే సగం ఇబ్బంది తప్పుతుంది. ఓపీ రద్దీలో ఆ మాటే చెప్పకుండా మిగిలిపోతుంటుంది.

షుగరు లేకపోయినా వచ్చే దారులున్నాయి. వారం పది రోజులు యాంటీబయాటిక్ వాడటం, ఆస్తమాకో కీళ్లకో స్టెరాయిడ్ మాత్రలు వాడటం, ఒళ్లు బాగా లావెక్కి మడతలు ఒరుసుకోవడం, భార్యకు తెల్లబట్టతో పాటు దురద ఉండటం. నోట్లో కూడా తెల్లటి పొర, కారణం లేకుండా బరువు తగ్గడం, మానని విరేచనాలు తోడైతే హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ (హెచ్ఐవీ సలహా, పరీక్ష) కేంద్రాల్లో అది ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసి ముందుగా మాట్లాడవచ్చు.

మూడో పని: కడగడం, అంతకన్నా ముఖ్యంగా ఆరబెట్టడం

ఇందులో తప్పులే ఎక్కువ. మురికి వల్ల వచ్చిందనుకుని రోజుకు నాలుగుసార్లు సబ్బుతో రుద్దేవాళ్లు, నీళ్లలో డెటాల్ కలిపి పోసుకునేవాళ్లు ఉన్నారు. అంగం కొన మీది చర్మం పెదవి లాంటిది. సబ్బు, డెటాల్ తగిలితే పైపొర దెబ్బతిని, మంట రెట్టింపై, ఫంగస్‌కు ఇంకా సందు దొరుకుతుంది.

1. చేతులు ముందు సబ్బుతో కడుక్కోండి.

2. ముందరి చర్మాన్ని వచ్చినంతవరకు వెనక్కి లాగి, గోరువెచ్చని నీళ్లు మగ్గుతో మెల్లగా పోయండి. తెల్లటి పొరను వేలి మెత్తటి భాగంతో తుడవండి. గోరు, బ్రష్, పీచు వద్దు. రోజుకు ఒకటి రెండు సార్లు చాలు.

3. మంట ఎక్కువగా ఉంటే అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక చిన్న చెంచా ఉప్పు, అంటే సుమారు 5 గ్రాములు కలిపి, ఆ నీళ్లతో కడగండి. లేదా ఒక గిన్నెలో పోసుకుని ఐదు నిమిషాలు ముంచి ఉంచండి. పచ్చళ్లకు వేసినట్టు గుప్పెడు ఉప్పు వేస్తే చర్మం కాలిపోతుంది.

4. మెత్తటి పాత నూలు గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాలు గాలికి ఆరనివ్వండి. మందు రాయాల్సింది పూర్తిగా ఆరిన చర్మానికే.

5. చర్మాన్ని తిరిగి ముందుకు లాగండి. ఇది మరిచిపోకండి. వెనక్కి లాగి అలాగే వదిలేస్తే అది అంగం కొన కింద ఉంగరంలా బిగుసుకుని కొన వాచిపోతుంది. గంటలు గడిచేకొద్దీ రక్తం ఆడదు. వాపు వల్ల చర్మం ముందుకు రాకపోతే అది అత్యవసరం, రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి.

మంచం పట్టిన పెద్దవాళ్లకు ఇంట్లో స్నానం చేయించేవాళ్లూ, మూత్రపు గొట్టం ఉన్నవాళ్లను చూసుకునేవాళ్లూ ఈ అయిదో మెట్టును మరీ గుర్తుపెట్టుకోవాలి. నాన్నగారు నొప్పి అని చెప్పలేని స్థితిలో ఉండవచ్చు. చిన్నపిల్లల విషయం పూర్తిగా వేరు: పసివాడి ముందరి చర్మం సహజంగానే అతుక్కుని ఉంటుంది, దాన్ని లాగి కడగనే కూడదు.

గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్లకు, కోల్డు స్టోరేజీల్లో పనిచేసేవాళ్లకు ఒక మాట. చేతికి పట్టిన కారం ఘాటు ఉత్త నీళ్లకు పోదు, నూనెలో కరుగుతుంది. మూత్రానికి వెళ్లే ముందు చేతులకు ఒక చెంచా కొబ్బరినూనె పట్టించి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి. అసలే పగిలిన చర్మానికి తేజ రకం మిరపకాయ దుమ్ము తగిలితే ఆ మంటను జబ్బు ముదిరిందని పొరబడతారు. ఆటోనగర్ మెకానిక్కులదీ ఇదే సంగతి: పెట్రోలు, గ్రీజు అంటిన చేతులు మూత్రం పోశాక కాదు, పోయకముందే కడుక్కోవాలి.

నాలుగో పని: మందు

ఎక్కువమందికి సరిపోయే మందు సాదా క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము. కుదరకపోతే మైకోనజోల్ 2 శాతం. రోజుకు రెండుసార్లు, 7 నుంచి 14 రోజులు. కొనకూ లోపలి చర్మానికీ కలిపి ఒకసారికి బఠానీ గింజంత చాలు. పల్చగా, మెరుపు మాత్రమే కనిపించేలా పూయాలి. దట్టంగా పట్టిస్తే చర్మం కింద తడి నిలిచి మెత్తబడిపోతుంది. ఈ కొలతకు 15 గ్రాముల ట్యూబు రెండు వారాలకు వస్తుంది. గజ్జలకు కూడా రాయాలంటే చూపుడు వేలి చివరి గీత నుంచి కొన దాకా పిండినంత, అంటే సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. గజ్జల్లో ఈస్ట్‌కు రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు.

దురద సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఎరుపు వారానికి పల్చబడుతుంది. పగుళ్లు మానడానికి రెండు వారాలు కావచ్చు. దురద పోయింది కదా అని మూడో రోజు ట్యూబు అటక మీద పడేయడం వల్లనే నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. కనీసం ఏడు రోజులు పూర్తి చేయండి. ఏడు రోజులు సరిగ్గా రాసినా ఏ మార్పూ లేకపోతే మీరు అనుకున్న జబ్బు అది కాకపోవచ్చు, డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు ట్యూబు కొనేటప్పుడు చూడాల్సినది. పైన పెద్ద అక్షరాల పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఏం కలిపారన్నది చదవండి. క్యాండిడ్ అనే ట్యూబులో క్లోట్రిమజోల్ ఉంటుంది. క్యాండిడ్-బి అనే దాంట్లో క్లోట్రిమజోల్‌తో పాటు బెక్లోమెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. తేడా ఒక్క అక్షరం. ఇంకా కొన్ని ట్యూబుల్లో ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు, బలమైన స్టెరాయిడ్ మూడూ కలిపేస్తారు. క్లోబెటాసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, హాలోబెటాసాల్, డెక్సామెథాసోన్, వీటిలో ఏ పేరు కనిపించినా డాక్టరు చీటీ లేకుండా తీసుకోవద్దు.

ఎందుకంటే స్టెరాయిడ్ ఒక్క రోజులో దురదను నొక్కేస్తుంది. ఎరుపు మాయమవుతుంది. మనిషికి ప్రాణం లేచొస్తుంది. కానీ ఫంగస్‌తో పోరాడాల్సిన చర్మం నిద్రపోయింది, ఫంగస్ మాత్రం మేలుకునే ఉంది. ట్యూబు ఆపిన వారానికి రెట్టింపు దురదతో తిరిగొస్తుంది. మళ్లీ అదే ట్యూబు. ఇలా కొన్ని నెలలు వాడితే చర్మం ఉల్లిపొరలా పల్చబడి, తొడల లోపల ఎర్రటి చారలు పడతాయి. ఆ చారలు తర్వాత తెల్లబడతాయే తప్ప పోవు. తామర మొండికేసి మందులకు లొంగకుండా తయారవడానికి ఈ కలగూరగంప ట్యూబులే పెద్ద కారణమని చర్మవైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. వాపు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు కొద్ది రోజులు హైడ్రోకార్టిసోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్‌ను ఫంగస్ మందుతో కలిపి చర్మ డాక్టర్లే రాస్తారు. అది లెక్క ప్రకారం రాసేది, దానితో దీన్ని పోల్చవద్దు.

తామరకు అమ్మే ఘాటు లోషన్లు, సాలిసిలిక్ ఆసిడ్ ఉన్న ఆయింట్‌మెంట్లు అంగం దరిదాపుల్లోకి రానివ్వకండి. అరికాలి మందపాటి చర్మాన్ని ఊడగొట్టే మందు అది. నిమ్మరసం, వెల్లుల్లి ముద్ద, కర్పూరం కలిపిన నూనె, పసుపు ముద్ద కూడా వద్దు. పచ్చి చర్మం మీద వీటితో బొబ్బలెక్కిన తర్వాత అసలు జబ్బేదో డాక్టరు కూడా పోల్చుకోలేరు.

మాత్ర సంగతి. ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాములు ఒకే ఒక్క మోతాదు చాలామందికి సరిపోతుంది. డాక్టరు రాస్తేనే వేసుకోండి, దీనికి బలమైన కారణం ఉంది. షుగరుకు గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లామైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు ఇది ఆ మందు ప్రభావాన్ని పెంచి షుగరును ఒక్కసారిగా పడగొట్టగలదు. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ లేదా అసినోకౌమరాల్ వాడేవాళ్లకు రక్తస్రావం కావచ్చు. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో, గుండె లయకు ఇచ్చే మాత్రలతో పడదు. లివరు జబ్బు ఉంటే చెప్పాలి. ప్రతి శనివారం ఒకటి చొప్పున నెలల తరబడి సొంతంగా మింగేవాళ్లు ఉన్నారు, అది వైద్యం కాదు.

ఇల్లాలికి చెప్పాలా?

చెప్పాలి. ఆవిడకు కూడా దురద, పెరుగు లాంటి తెల్లబట్ట ఉంటే ఇద్దరూ ఒకేసారి వైద్యం తీసుకోవాలి, లేకపోతే అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఆవిడకు ఏ ఇబ్బందీ లేకపోతే ఊరికే మందు వాడనక్కర్లేదు. మీ మాత్ర ఆవిడకు ఇవ్వవద్దు, గర్భిణి అయితే ఫ్లూకొనజోల్ మాత్ర అసలే వద్దు. వైద్యం జరుగుతున్నన్ని రోజులు కలయిక మానండి. పచ్చి చర్మం రాపిడికి చిట్లుతుంది. కండోమ్ ఉంది కదా అనుకోకండి, ఈ క్రీముల్లోని నూనె రబ్బరును బలహీనపరచి చిరిగేలా చేస్తుంది.

ఆవిడకు ఎలా చెప్పాలో తోచకపోతే ఇలా అనవచ్చు: "నాకు కింద ఫంగస్ వచ్చిందన్నారు, షుగరు పరీక్ష చేయించుకోమన్నారు. నీకేమన్నా దురదలాంటిది ఉందా?" ఇందులో నింద లేదు, అనుమానం లేదు.

బట్టలు, చెమట, కూర్చునే సీటు

కృష్ణా నది పక్కన ఉండటం వల్ల మనకు ఎండతో పాటు ఉక్కపోత కూడా. నూలు డ్రాయరు వదులుగా ఉన్నది వేసుకోండి, రోజుకు రెండుసార్లు మార్చండి. ఆటో, బస్సు, లారీ నడిపేవాళ్లు రెగ్జిన్ సీటు మీద మందపాటి నూలు తువ్వాలు వేసుకుని, మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు పొడి డ్రాయరు మార్చుకుంటే తేడా తెలుస్తుంది. వానాకాలం ఆరని బట్టను ఇస్త్రీతో పూర్తిగా ఆరబెట్టి వేసుకోండి. ఘాట్ దగ్గర నదీస్నానం చేసి తడి పంచెతో గంటలు గడపవద్దు. రాత్రి ఇంట్లో లుంగీతో ఉండటం మంచిది. తుండు ఎవరిది వాళ్లదే.

పౌడరు సంగతి చెప్పాలంటే, ముందరి చర్మం లోపల ఎప్పుడూ చల్లవద్దు, గడ్డకట్టి ఒరుస్తుంది. గజ్జల్లో పుండు మానాక, చెమట పట్టకుండా క్లోట్రిమజోల్ పౌడరు పల్చగా చల్లుకోవచ్చు.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

వెనక్కి లాగిన చర్మం ముందుకు రాకపోవడం, మూత్రం ఆగిపోవడం, జ్వరంతో పాటు వాపు రావడం, ఈ మూడింటికీ తెల్లారేదాకా ఆగవద్దు. షుగరు ఉన్నవాళ్లకు అంగం, వృషణాలు, మలద్వారం మధ్య ఎక్కడైనా భరించలేని నొప్పి, వేగంగా పాకే వాపు, చర్మం నల్లబడటం, కుళ్లు వాసన ఉంటే అది ఫోర్నియర్ గ్యాంగ్రీన్, అంటే ఆ భాగమంతా కుళ్లిపోయే జబ్బు కావచ్చు. అరుదే, కానీ గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. గ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్లలో దీని గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. 108కి ఫోన్ చేసి సర్జరీ విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికే వెళ్లండి.

మళ్లీ మళ్లీ వస్తుంటే

ఏడాదిలో మూడు నాలుగుసార్లు వస్తే ట్యూబు మార్చుకుంటూ పోవడం ఆపండి. హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. తెల్లటి పొరను గీసి మైక్రోస్కోపు కింద చూసే కేఓహెచ్ పరీక్ష, అవసరమైతే ఫంగస్‌ను ల్యాబులో పెంచి చూసే కల్చరు చేయిస్తారు. కొన్ని క్యాండిడా జాతులు ఫ్లూకొనజోల్‌కు లొంగవు, అది కల్చరులోనే బయటపడుతుంది. ప్రతిసారీ పగిలి మానుతూ చర్మం మచ్చకట్టి బిగుసుకుపోతే సున్తీ ఆపరేషను మంచి దారి. ఇది వైద్యం కోసం చేసేది, ఏ మతం వారైనా చేయించుకోవచ్చు. తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు కలయికకు దూరంగా ఉండాలి. షుగరు అదుపులోకి తెచ్చుకున్నాకే చేయించుకుంటే పుండు త్వరగా మానుతుంది.

గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ చర్మ, సుఖవ్యాధుల విభాగాలున్నాయి. ఓపీ చీటీ రాసేచోట నలుగురి ముందు వివరం చెప్పనక్కర్లేదు, "చర్మం డాక్టరు" అంటే చాలు. మిగతాది లోపల చెప్పండి. వెళ్లే రోజు ఉదయం ట్యూబు రాయకండి, లేకపోతే పరీక్షలో ఫంగస్ దొరక్కపోవచ్చు. ఎన్నాళ్లుగా ఉంది, ఎన్నిసార్లు తగ్గి వచ్చింది, షుగరు అంకె, వేసుకునే మాత్రలు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. రాయడం కుదరకపోతే మాత్రల పట్టీలూ, ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ ఒక కవరులో వేసుకుని వెళ్లండి. మూత పోయినవీ, సగం పిండినవీ, బావమరిది ఇచ్చినవీ, అన్నీ.